ఫికర్ లేని కడుపు

నర్సు పనిలో కొత్తగా చేరిన అమ్మాయిలు ఎవరైనా మా ఇంటికి వస్తే ముందు వాళ్ల చెప్పులు చూస్తాను. ఎత్తు మడమల చెప్పులైతే నవ్వుకుంటాను. నాలుగు ఊళ్లు తిరగాల్సిన వాళ్లకు ఆ సోకులు ఎన్నాళ్లుంటాయి? "అమ్మా, మీ అనుభవాలు రాయండి" అని వాళ్లే నా వెంట పడ్డారు. సరే, రాస్తున్నాను. ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చింది, ఎవరు సంతకం పెట్టక సతాయించారు, ఆ గోల నేను చెప్పను. అవి మీకూ వస్తాయి, మీరూ పడతారు.

నేను పందొమ్మిది వందల యాభైల చివర, అరవైల మొదట మోత్కూర్ పక్కన ఒక ఊళ్లో మిడ్‌వైఫ్‌గా పనిచేశాను. జనానికి నర్సమ్మను. ఆ ఊళ్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న జ్వరం గురించి కాదు, సూది గురించి కాదు. "నర్సమ్మా, తల్లి ఫికర్ చేస్తే ఆడపిల్ల పుడుతదంట గదా, నిజమేనా?" ఫికర్ అంటే అక్కడి మాటలో దిగులు. ఈ ఒక్క ప్రశ్న చుట్టూ ఏం జరిగిందో చెబుతాను.

ఇంకో మాట ముందే చెప్పేస్తున్నాను. నేను కుళ్లుబోతు మనిషిని. ఎవరైనా నాకంటే సుఖంగా ఉంటే నాకు కళ్లు కుడతాయి. చిన్నప్పుడు పానగల్‌లో మా నాయిన మగ్గం నేసేవాడు. పక్కింటి పిల్లకు కొత్త గౌను వస్తే నాకు ఆ పూట అన్నం సయించేది కాదు. పెద్దయ్యాక తగ్గుతుందన్నారు, తగ్గలేదు. ఇదేదో తప్పు ఒప్పుకుంటున్నానని అనుకోకండి. కొందరికి చలువ పడదు, నాకు ఇంకొకరి సుఖం పడదు. ఈ పనిలో అది నాకు ఎంతగా పనికొచ్చిందో మీరే చూస్తారు.

ఎల్లవ్వ రాట్నం

మా దవాఖాన అంటే కిరాయికి తీసుకున్న ఒక పెంకుటిల్లు. ఒక కాంపౌండరు, నేను, గోడకు ఆనించిన ఒక బల్ల. ఊళ్లో సగం మంది సాలోళ్లు. రెండు వీధుల నిండా మగ్గాల చప్పుడే. ఆ రెండు వీధులకూ రాణి ఎల్లవ్వ.

ఎల్లవ్వ మంత్రసాని. పొడుగు మనిషి, గొంతు పెంచి మాట్లాడేది కాదు. ఆమె వీధిలోకి వస్తే ఇంటింటికీ మంచం వాల్చి కూర్చోమనేవారు. తమలపాకులు తెచ్చేవారు. నేను అదే వీధిలోకి వస్తే పిల్లలు సూది సూది అని ఏడ్చుకుంటూ నీళ్ల గాబుల వెనక దాక్కునేవారు. ఇద్దరం కాన్పులు చేసేవాళ్లమే. చదువుకున్నదాన్ని నేను. మంచం ఆమెకు, ఏడుపులు నాకు. కడుపు మండదా?

ఎల్లవ్వ చెప్పే సిద్ధాంతం ఒకటుండేది. కడుపులో ఉన్నది తల్లి మనసును బట్టి ఆడో మగో అవుతుంది. నిమ్మళంగా ఉన్న తల్లికి కొడుకు, ఫికర్ చేసే తల్లికి బిడ్డ, అంటే ఆడపిల్ల. అందుకని సాలోళ్ల ఇళ్లలో కడుపుతో ఉన్న కోడలికి ఎవరూ చెడ్డ మాట చెప్పకూడదు. ఆమె ముందు అప్పుల మాట, చావు మాట ఎత్తకూడదు. ఏడో నెల వచ్చాక ఎల్లవ్వ వచ్చి పరీక్ష పెట్టేది. వాడకట్టు ఆడవాళ్లందరి ముందు ఆ కోడలు రాట్నం దగ్గర కూర్చుని ఒక నూలు లడిని, అంటే దారపు చుట్టను, కండెలకు చుట్టాలి. దారం తెగకుండా చుడితే ఫికర్ లేని కడుపు, కొడుకు పుడతాడు. తెగిందంటే చెయ్యి వణికిందన్నమాట, మనసులో ఫికర్ చొరబడిందన్నమాట.

ఒకసారి ఒక కోడలికి ఆత్మకూర్‌లో తండ్రి పోయాడు. కడుపుతో ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పాపం ఆ పిల్ల, "కొడుకు పుడితే మా నాయిన పేరు పెట్టుకుంట, నాయినకు కబురు పంపుండ్రి" అని అందరినీ అడిగేది. అందరూ పంపామని చెప్పేవారు. చివరికి ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఎల్లవ్వ ఒక్క క్షణం కూడా తడబడలేదు. "ఎవరో చెప్పిండ్రు. చెప్పకుంటే ఫికర్ ఎట్ల తెలుస్తది కడుపుకు?" అంది. కొడుకు పుడితే ఎల్లవ్వ గెలిచినట్టు, బిడ్డ పుడితే ఇంట్లోవాళ్లు ఓడినట్టు. ఇలాంటి ఉద్యోగం నాకెందుకు దొరకలేదా అని అనుకున్నాను.

ఇది చాలదన్నట్టు నేనే ఆమెకు సాక్ష్యమయ్యాను. నా రెండో కాన్పు అప్పుడు ఆడవాళ్లు నన్ను ఊరికే ఉండనివ్వలేదు. "నర్సమ్మా, జర నువ్వు గూడ కూసో, సూద్దం" అని రాట్నం ముందుకు లాగారు. సాలోళ్ల పిల్లను, కండెలు చుట్టడం నాకు రాకనా? నవ్వుతూ కూర్చున్నాను. దారం తెగింది. తర్వాత నాకు రెండో ఆడపిల్ల పుట్టింది. ఎల్లవ్వ పేరు మోత్కూర్ దాకా పాకింది. బడిపంతులు పని చేసే మా ఆయన పిల్లను చూసి, "నువ్వు ఊకె ఫికర్ చేస్తవు, గందుకే" అని బయటికి వెళ్లిపోయాడు. ఆయన చదువుకున్నవాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మానని పుండు.

డాక్టరమ్మ

మా పై అధికారి జిల్లా నుంచి వచ్చే ఒక డాక్టరమ్మ. కోస్తా మనిషి. ఎప్పుడొస్తుందో ముందు చెప్పేది కాదు. జీపు దిగితే చీర కుచ్చిళ్లు కూడా నలిగేవి కావు. అంత దూరం దుమ్ములో వచ్చి ఆమె అలా ఎలా ఉండేదో నాకు అర్థమయ్యేది కాదు. అది చూసి కూడా కుళ్లుకున్నాను. మంచి పని చేస్తే మెచ్చుకోవడం ఆమెకు రాదు. తప్పు చేస్తే మాత్రం నలుగురిలో కడిగేసేది. మీకూ ఇలాంటి అధికారులు తగులుతారు. వాళ్లు తిట్టినప్పుడు బాధ పక్కన పెట్టి ఏం చెబుతున్నారో వినండి. మెచ్చుకునే అధికారుల దగ్గర నేను నేర్చుకున్నది చాలా తక్కువ.

ఒకసారి ఆమె వచ్చినప్పుడు ఎల్లవ్వ గురించి చాడీ చెప్పాను. రాట్నం సంగతి, ఫికర్ సంగతి అన్నీ ఉప్పూకారం వేసి చెప్పాను. పిలిచి నాలుగు తిట్టి ఆమెను మాన్పిస్తుందని నా ఆశ.

డాక్టరమ్మ అంతా విని, "ఆవిడ కాన్పుకు ముందు చేతులు కడుక్కుంటుందా?" అంది.

"కడుక్కుంటుందండీ."

"గోళ్లు?"

"తీసుకుంటుందండీ."

"అయితే ఆవిడతో కలిసి పనిచెయ్యి. నీ కాన్పులన్నీ నువ్వొక్కదానివే చెయ్యగలవా?"

నాకు తల కొట్టేసినట్టయింది. మనసు కుదుటపడ్డాక అడిగాను, ఫికర్ వల్ల ఆడపిల్ల పుట్టడం ఏమైనా ఉందా అని. నా కోసమే అడిగానని ఆమెకు తెలుసనుకుంటాను. ఆమె కుర్చీ జరుపుకుని నిదానంగా చెప్పింది. బిడ్డ ఆడో మగో తండ్రి బీజాన్ని బట్టి ఉంటుంది. ఆ బీజాల్లో రెండు రకాలుంటాయి, తల్లి అండంలో ఒకటే రకం. కడుపు నిలిచిన ఘడియలోనే అది తేలిపోతుంది. ఏడో నెలలో ఏడ్చినా, తొమ్మిదో నెలలో నవ్వినా మారదు.

"కానీ ఒకటి గుర్తుపెట్టుకో," అంది లేస్తూ. "ఫికర్ వల్ల ఆడపిల్ల పుట్టదు. ఆడపిల్ల పుడుతుందన్న ఫికర్‌తో మాత్రం ఆడవాళ్లు చెప్పాల్సిన బాధలు దాచేస్తారు. వాళ్లు నవ్వుతున్నారు కదా అని నమ్మకు. ముఖం చూడకు, కాళ్లు చూడు."

ఈ మధ్య మా మనవరాలు ఎక్కడో చదివి వచ్చి వాదించింది. కడుపు నిలిచే రోజుల్లో తల్లి మనసు బాగా కుంగి ఉంటే మగపిల్లలు కొంచెం తక్కువగా పుడతారేమోనని పెద్ద చదువుల వాళ్లు ఇంకా వెతుకుతున్నారట. వెతకనీ. వేలమంది తల్లులను కలిపి చూస్తే అందులో వెంట్రుకంత తేడా ఉంటే ఉండవచ్చు. నేను నిలబడింది ఒక్కొక్క మంచం పక్కన. అక్కడ నాకు కనిపించిన ఫికర్ అంతా ఆ మంచం చుట్టూ ఉన్నవాళ్లు పెట్టిందే. కొడుకు కావాలని ఎక్కువగా కోరుకున్నవాళ్లే ఎక్కువ పెట్టారు.

సత్తెమ్మ వైభోగం

సత్తెమ్మ అత్త పేరు వీరమ్మ. సాలోళ్ల వీధిలో వాళ్లది మూడు గుంట మగ్గాలున్న ఇల్లు. సత్తెమ్మకు అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు. మళ్లీ కడుపు నిలిచింది. వీరమ్మ తమ్ముడికి పెళ్లీడుకొచ్చిన కూతురుంది. ఈసారి కూడా ఆడపిల్లైతే ఆ పిల్లను తెచ్చి కొడుకు యాదగిరికి రెండో పెళ్లి చేస్తానని వీరమ్మ అందరి ముందూ అనేసింది. ఆ రోజుల్లో అది వింత కాదు. సత్తెమ్మ ఇల్లు, మొగుడు, ఇద్దరు పిల్లల బతుకు అంతా ఆ కడుపు మీదే ఉంది. అంత బరువు నెత్తిన పెట్టి, ఫికర్ మాత్రం చెయ్యొద్దని చెప్పారు.

ఏడో నెలలో ఎల్లవ్వ వచ్చింది. నేనూ వెళ్లి గడప దగ్గర నిలబడ్డాను. మనసులో, తెగాలి తెగాలి అనుకున్నాను. సత్తెమ్మ మీద కోపం లేదు. నాది తెగింది కదా, ఈమెది ఎందుకు తెగకూడదని. సత్తెమ్మ రాట్నం తిప్పింది. కండె తర్వాత కండె నిండింది. దారం జుమ్మని సాగిందే తప్ప ఎక్కడా తెగలేదు. లడి అయిపోయింది. ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఎల్లవ్వ సత్తెమ్మ నెత్తి మీద చెయ్యిపెట్టి, "కొడుకే. ఫికర్ లేని కడుపు" అంది.

ఆ రోజు నుంచి సత్తెమ్మ వైభోగం చూడాలి. వీరమ్మ తన కాళ్ల వెండి కడియాలు, బొటనవేలంత లావువి, తీసి కోడలి కాళ్లకు తొడిగింది. అది కూడా వాళ్లలో ఒక పద్ధతి. కోడలికి ఏ లోటూ తెలియకూడదని అత్త కడియాలు వేస్తుంది. కొడుకు పుడితే అవి కోడలివే. బిడ్డ పుడితే అత్త మళ్లీ తీసుకుంటుంది. సత్తెమ్మ నడిస్తే అవి చీలమండల మీద జారి గల్లుగల్లుమనేవి. వీరమ్మే ఆమెకు తల దువ్వేది. పాలు కాచి ఇచ్చేది. మగ్గం పని, నీళ్ల పని ఏదీ లేదు. నేను నిండు నెలల్లో రెండు ఊళ్లు నడిచి టీకాలు వేసి వచ్చాను. ఒక్కరు మంచినీళ్లిచ్చిన పాపాన పోలేదు. ఆ కడియాల చప్పుడు వింటే నా ఒళ్లు మండిపోయేది. వీధి ఆ చివర నుంచే వినిపించేది మరి.

వారం వారం వెళ్లి అడిగేదాన్ని. "ఏమన్నా బాధ ఉందా సత్తెమ్మా?"

"ఏం లేదు నర్సమ్మా. నిమ్మళంగున్న," అని నవ్వేది. వెనకాల వీరమ్మ, "దానికేం బాధ? రాణి లెక్కనే ఉన్నది" అనేది.

యాదగిరి మగ్గం గుంటలో కూర్చుని తల ఎత్తకుండా నేస్తుండేవాడు. మాటలు తక్కువ మనిషి. ఆయన గురించి అప్పుడు నాకు ఏ అభిప్రాయమూ లేదు.

మోగని కడియాలు

నెలలు నిండుతున్న రోజుల్లో ఒక ఉదయం వాళ్లింటికి వెళ్లాను. సత్తెమ్మ లోపలి నుంచి నడిచి వచ్చి పీట మీద కూర్చుంది. ఎల్లవ్వ కూడా అక్కడే ఉంది. వీరమ్మ, "సూసినవా నర్సమ్మా, మొకంల ఎంత కళొచ్చిందో" అంది. నిజమే, ముఖం నిండుగా ఉంది. చెంపలు మెరుస్తున్నాయి.

నా చూపు ఎప్పటిలాగే కడియాల మీదికి పోయింది. అప్పుడు తట్టింది, ఆమె నడిచి వచ్చినా చప్పుడు కాలేదు. చూస్తే జారాల్సిన కడియాలు మాంసంలో దిగబడి ఉన్నాయి. పైన చర్మం ఉబ్బి తళతళలాడుతోంది. బొటనవేలితో కాలి మీద నొక్కాను. పిండిలో నొక్కినట్టు గుంట పడింది, పూడలేదు.

మీకు చెప్పేది ఇదే. ఆ కడియాల మీద నాకు అంత కుళ్లు లేకపోతే ఆ చప్పుడు ఆగిపోయిన సంగతి నేను కనిపెట్టేదాన్ని కాదు. ఇంట్లో ప్రేమగా చూసుకున్నవాళ్లకు కళ కనిపించింది. ఓర్వలేని నాకు వాపు కనిపించింది.

"తలనొప్పి ఉందా?"

"లేదు నర్సమ్మా."

"కళ్లు మసకలు పడుతున్నాయా?"

"లేదు."

ఆమెను పెరట్లోకి తీసుకెళ్లి మూత్రం పట్టి తెమ్మన్నాను. సంచిలోంచి స్పిరిట్ దీపం తీసి గాజు గొట్టంలో కాచాను. పాలు విరిగినట్టు తెల్లగా గడ్డకట్టింది. మూర్ఛలు వచ్చే వాతం అది. వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ పోవచ్చు. చెయ్యి పైకెత్తి, "ఎన్ని వేళ్లు చెప్పు" అన్నాను. తప్పు చెప్పింది. మళ్లీ అడిగాను. మళ్లీ తప్పే.

"ఎందుకు చెప్పలేదే తల్లీ?"

అప్పుడు ఏడ్చింది. గొంతు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "తల పలిగిపోతాంది నర్సమ్మా. కండ్ల ముంగట మిణుగురులు లేస్తున్నయి. చెప్తే ఫికరైతది గదా. ఫికరైతే ఆడపిల్లైతది గదా. మా అత్తకు చెప్పకు, నీ కాల్మొక్త."

చెప్పకుండా ఎలా? బయటికి వచ్చి, ఇప్పుడే పెద్ద దవాఖానకు తీసుకుపోవాలని చెప్పాను. వీరమ్మ ఒంటికాలి మీద లేచింది. "నిమ్మళంగున్న పిల్లను దవాఖానంటవా? గా పేరింటెనే ఫికర్ పడుతది. ఇన్ని నెలలు కండ్లల్ల పెట్టుకోని సూసుకున్న. నువ్వొచ్చి కరాబ్ జేస్తవా?"

ఎల్లవ్వ వక్క నములుతూ అంది, "నీకు కొడుకు పుట్టలేదని గీ పిల్లకు పుట్టొద్దా నర్సమ్మా?"

ఆ మాట సూటిగా తగిలింది. నాకు కుళ్లు ఉన్న మాట నిజమే కదా, అందుకే ఇంకా గట్టిగా తగిలింది. యాదగిరి వైపు చూశాను. మగ్గం చప్పుడు ఎప్పుడో ఆగింది. ఆయన గుంటలోంచి పైకి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"నర్సమ్మా, ఈడ ఉంటే బతుకుతదా?"

"చెప్పలేను యాదగిరీ."

"ఆడికి పోతే?"

"బతకవచ్చు."

అమ్మ వైపు చూడలేదు. భుజం మీద తువ్వాల వేసుకుని బండి కోసం పరుగెత్తాడు.

పెద్ద దవాఖాన

బండి మీద మోత్కూర్‌కు, అక్కడి నుంచి బస్సులో జిల్లా దవాఖానకు. బస్సులో వాళ్లు వెనక సీటు మొత్తం ఖాళీ చేసి ఇచ్చారు. యాదగిరి ఆమె తల ఒళ్లో పెట్టుకుని, ఎండ పడకుండా తువ్వాల అడ్డం పట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా చెయ్యి మార్చలేదు. నేను పక్కనే కూర్చుని అది కూడా చూస్తూనే ఉన్నాను.

దవాఖాన మెట్ల మీదే సత్తెమ్మకు మొదటి మూర్ఛ వచ్చింది. పళ్ల మధ్య గుడ్డ చుట్టిన చెంచా పెట్టాను. లోపలికి తీసుకెళ్లి నిద్రమందు సూది ఇచ్చారు. కడియాలు సబ్బు రాసి లాగితే వచ్చాయి. చర్మం కూడా కొంత ఊడింది. యాదగిరి వాటిని తువ్వాల కొసన ముడేసుకున్నాడు.

మా డాక్టరమ్మే చూసింది. కాన్పు చేసెయ్యాలి, ఆగితే ప్రమాదం అంది. బయట వరండాలో యాదగిరి ఆమెకు అడ్డం వెళ్లి అడిగాడు, "అమ్మా, ఫికర్ జేస్తే ఆడపిల్లైతదా?" లోపల అంత పని ఉండి కూడా ఆమె ఆగింది. నాకు చెప్పినట్టే ఆయనకూ చెప్పింది. తండ్రి బీజాన్ని బట్టే, తల్లి చేతిలో ఏమీ లేదని. ఆయన తల ఊపి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అర్థమైందో లేదో నాకు తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం కాన్పయింది. ఆడపిల్ల. చిన్నగా, తేలిగ్గా ఉంది గానీ గట్టిగానే ఏడ్చింది. సత్తెమ్మ చాలాసేపటికి కళ్లు విప్పింది. వాపు వల్ల సగమే విప్పగలిగింది. చచ్చి బతికిన మనిషి. నీళ్లు అడుగుతుందేమోనని వంగాను.

"ఏం పుట్టింది నర్సమ్మా?"

"ఆడపిల్ల. బాగుంది."

నా చెయ్యి పట్టుకుంది. "నేను ఫికర్ జెయ్యలే నర్సమ్మా. ఒట్టు. మా అత్తకు నువ్వే చెప్పు."

నాకు ఆమె మీదున్న కుళ్లంతా ఆ ఒక్క నిమిషం ఎక్కడికో పోయింది. ఎంతోసేపు కాకముందే తిరిగొచ్చింది, చెబుతాను.

ఫికర్ ఎవరిది

సాయంత్రం బస్సుకు వీరమ్మ, ఎల్లవ్వ దిగారు. వీరమ్మ మంచం దగ్గరికి రాగానే పిల్ల గుడ్డ తీసి చూసింది. మళ్లీ కప్పేసింది. కోడలి ముఖం చూడలేదు. ఎల్లవ్వ మాత్రం ఎప్పటిలాగే తొణకలేదు.

"కొడుకే ఉండె," అంది. "బండెక్కిచ్చి, బస్సెక్కిచ్చి, భయపెట్టి ఆడపిల్లను జేసిండ్రు. గంతా ఈమె పనే." ఆ 'ఈమె' అంటే నేను.

నిలువెల్లా మండిపోయాను. ఇన్ని నెలలు మోసిన మగపిల్లవాడు బస్సులో ఆడపిల్లయ్యాడట! నోరు తెరిచాను. ఏం అనేదాన్నో, వార్డంతా వినేలా అనేదాన్ని. యాదగిరి గోడ దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"నర్సమ్మను ఏమనకుండ్రి. సత్తెను ఏమనకుండ్రి. ఫికర్ జేసింది నేను."

"నువ్వు జేసుడేంది రా?" అంది వీరమ్మ.

"పరీక్ష నాడు ఆ లడికి గంజి పట్టిచ్చింది నేనే. చేతికి గరుకు తగలకుంట నూనె రాసి ఎండబెట్టిన. పడుగుకు పెట్టే గంజి. గది ఎవరు లాగినా తెగదు. నీకు దొరకొద్దని లడిని నేనే తెచ్చి దాని ఒళ్లె ఏసిన. దారం తెగుతదేమోనని గంత ఫికర్ నాకుండె. సత్తెకు ఈ ముచ్చట తెల్వదు."

ఎల్లవ్వ వక్క నమలడం ఆపింది. అలా ఆపడం నేను మొదటిసారి చూశాను.

వీరమ్మ, "నీకు ఫికరుంటే ఏమాయె? కడుపు నీదా?" అంది. గొంతులో అంత బలం లేదు.

"కడుపు దానిదే. బిడ్డో కొడుకో తండ్రి తోటి ఒస్తదని డాక్టరమ్మ చెప్పింది. గట్లైతే ఫికర్ గూడ నాదే గదా కడుపుల పడేది. రేపు మామ బిడ్డను తెస్తవు. గామెకు గూడ నా ఫికరే పడుతది. మల్ల ఆడపిల్లే అయితది. ఇంకెంత మందిని తెస్తవే అమ్మా?"

డాక్టరమ్మ చెప్పింది అది కాదు. ఆయన సగం విన్నాడు, సగం తన నేతలోకి కలుపుకున్నాడు. నేను సరిదిద్దలేదు. మీరూ ఇలాంటి చోట సరిదిద్దకండి.

వీరమ్మ చెయ్యి చాపింది. కడియాల కోసం. ఆడపిల్ల పుడితే తిరిగి తీసుకోవాలి కదా. యాదగిరి తువ్వాల కొస విప్పాడు. కడియాలు తీసి సత్తెమ్మ దిండు కింద పెట్టాడు.

"వాపు దిగినంక ఏసుకుంటది," అన్నాడు.

వీరమ్మ చాపిన చెయ్యి కొంచెంసేపు అలాగే ఉంది. తర్వాత ఆ చేత్తోనే పిల్లను ఎత్తుకుంది. రెండో పెళ్లి మాట ఆ ఇంట్లో మళ్లీ వినిపించలేదు. ఎల్లవ్వ రాట్నం పరీక్ష మానలేదు గానీ, అప్పటి నుంచి నూలు లడి తనే తెచ్చేది.

ఆ సాయంత్రం సత్తెమ్మ నిద్రమత్తులో అదంతా విన్నదో లేదో తెలియదు. ముఖం గుమ్మడికాయలా ఉబ్బి ఉంది, పెదవి పగిలి ఉంది, కాళ్ల మీద చర్మం లేదు. అంతమంది మధ్యలో లేచి నిలబడి, ఫికర్ నాదే అన్న మొగుడు ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. నా ఉద్యోగమంతటిలో చాలామందిని చూసి కుళ్లుకున్నాను. ఆ మంచం మీది మనిషిని చూసి కుళ్లుకున్నంతగా ఎవరినీ చూసి కుళ్లుకోలేదు. ఇప్పటికీ తలుచుకుంటే కళ్లు కుడతాయి.

మర్నాడు ఇంటికి చేరాను. మా ఇద్దరు ఆడపిల్లలు ఎదురొచ్చి కాళ్లకు చుట్టుకున్నారు. మా ఆయన పీట వాల్చుకుని అన్నానికి కూర్చుంటూ అడిగాడు, "ఏం పుట్టింది?"

"ఆడపిల్ల."

"పాపం, ఫికర్ చేసిందేమో."

"చేసింది ఆమె కాదు, ఆమె మొగుడు," అన్నాను.

ఆయన ముఖంలోకి చూశాను. ఆ రోజు నన్నన్న మాట గురించి ఏమైనా అంటాడేమోనని చూశాను. మెతుకు వడ్డించకుండా గరిటె చేత్తో పట్టుకుని, ఎంతోసేపు అలాగే చూశాను. "అన్నం పెట్టు" అన్నాడు.